ముందు ఒంటికి, ఆ తర్వాతే బండికి



ఇవాళ నేను మాట్లాడబోయేది మోటారు సైకిలు బ్రేకుల గురించీ, ట్రాక్ మీద బండి నడిపేవాళ్ళు తొడుక్కునే తోలు సూటు గురించీ. ఆవకాయలూ, పసిపిల్లల దగ్గులూ వదిలేసి ఈవిడ బ్రేకుల మీద పడిందేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి, తప్పులేదు. కాని బండి కొనేటప్పుడు బీరువాలోంచి డబ్బు తీసింది మీరు. సాయంత్రం ఆ బండి చప్పుడు వీధి మలుపులో వినిపించేదాకా అన్నం వడ్డించుకోకుండా కూర్చునేదీ మీరే. మరి ఆ బండి ఎలా ఆగుతుందో, దాని మీద కూర్చున్న మన పిల్లల ఒంటిమీద ఏం వుండాలో మనకి తెలియకపోతే ఎలాగండీ?

అసలు నాకీ గొడవ ఎలా తగులుకుందో చెబుతాను. మా అక్కయ్య కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగువందల సీసీకి దగ్గర బండి కొనుక్కున్నాడు. స్నేహితులతో కలిసి ట్రాక్ మీద నడపడానికని వెళ్ళి, మోచేతికి కట్టుతో తిరిగొచ్చాడు. ఆ కట్టు విప్పకముందే ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "పిన్నీ, బ్రేకులు సరిగ్గా లేక పడ్డాను. ఇవి మార్పించాలి. కొంచెం సర్దావంటే మూడు నెలల్లో ఇచ్చేస్తాను. అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు. కాగితం మీద వరసగా రాసివుంది: విదేశీ కాలిపర్లు, మాస్టరు సిలిండరు, పెద్ద డిస్కులు, స్టీలు అల్లిక గొట్టాలు. అన్నిటికన్నా అడుగున, చిన్న అక్షరాలతో, 'సూటు: అద్దెకి' అని వుంది.

"ఏరా, బండికేమో ఇంత ఖర్చా, నీ ఒంటికి అద్దె గుడ్డలా?" అన్నాను. వాడు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కాగితం నా దగ్గరే వుంచుకున్నాను. బండ్లు బాగుచేసేవాళ్ళని అడిగాను, ట్రాక్ మీద నడిపినవాళ్ళని అడిగాను, దొరికినది చదివాను. నేను ఇంజనీర్ని కాను. అయినా ఇందులో మన బుర్రకెక్కని బ్రహ్మవిద్య ఏమీ లేదని తెలిసింది. ఆ తెలిసినదే మీతో చెబుతున్నాను.

ట్రాక్ అంటే రోడ్డు కాదు

ముందు ఒక సంగతి విడమరచి చెప్పాలి. రాత్రిపూట రోడ్ల మీద పందాలు వేసుకుని బండ్లు తోలుతారే, నేను చెప్పేది దాని గురించి కాదు. అది నేరం, పైగా దారిన పోయేవాళ్ళ ప్రాణాలతో చెలగాటం. ట్రాక్ అంటే వేగంగా నడపడం కోసమే కట్టిన దారి. ఎదురుగా లారీ రాదు, ఆవు అడ్డం పడదు. అందరూ ఒకే దిక్కుగా పోతారు. మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని మనుషులుంటారు. అంబులెన్సు సిద్ధంగా వుంటుంది.

మన దక్షిణాదిలో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒక ట్రాక్ వుంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే అని మరొకటి వుంది. చెన్నై ట్రాక్ 1990లో వచ్చింది. అంతకుముందు ఆ చుట్టుపక్కల పందాలు షోళవరంలో, యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. చెన్నై ట్రాక్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, అందులో 12 మలుపులు. మన ఊళ్ళ నుంచి కూడా పిల్లలు అక్కడికి వెళ్ళి నడుపుతుంటారు. పందెం ఏమీ లేకుండా, డబ్బు కట్టి నడుపుకునే రోజుని 'ట్రాక్ డే' అంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విడతలు విడతలుగా, ఒక్కో విడత పావుగంటో ఇరవై నిమిషాలో నడుపుతారు.

ఇదంతా మగపిల్లల వ్యవహారమని కొట్టిపారేయకండి. బెంగుళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సె 2019లో, ఎడారి దారుల్లో జరిగే బాహా పోటీల్లో మహిళల ప్రపంచ కప్పు గెలిచింది. స్పెయిన్ అమ్మాయి ఆనా కరాస్కో 2018లో మగవాళ్ళతో కలిసి పోటీచేసి, సూపర్‌స్పోర్ట్ 300 అనే తరగతిలో ప్రపంచ ఛాంపియన్ అయింది. రేపు ఆ కాగితం పట్టుకుని వచ్చేది మీ అమ్మాయే కావచ్చు.

మూడు సెకన్లలో అర లీటరు నీళ్ళు

బ్రేకు చేసే పని ఏమిటి? బండిని ఆపడం అంటాం. నిజానికి అది చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. అరచేతులు రెండూ గట్టిగా రుద్దితే వేడెక్కుతాయి చూడండి, అదే సంగతి. వేగం రెట్టింపయితే ఆ వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆగడానికి పట్టే దూరమూ అంతే. 50 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు పట్టాక 12 మీటర్లలో ఆగే బండి, 100 కిలోమీటర్ల వేగంలో 48 మీటర్ల దాకా పోతుంది.

మన వంటింటి లెక్కలో చెప్పుకుందాం. బండీ మనిషీ కలిసి 220 కిలోలు అనుకోండి. 150 కిలోమీటర్ల వేగంతో వస్తూ, మలుపు దగ్గర 60కి తగ్గించాలి. అప్పుడు పుట్టే వేడితో అర లీటరు చల్లని నీళ్ళు మరిగిపోతాయి. నలుగురికి కాఫీ డికాషను దిగే నీళ్ళన్నమాట! స్టవ్వు మీదయితే ఎన్ని నిమిషాలు పడుతుందో మీకు తెలుసు. ఇక్కడ మూడు సెకన్లలో పుడుతుంది. చుట్టుకి ఇలాంటి గట్టి బ్రేకులు నాలుగైదయినా వుంటాయి. చల్లారేలోపు మళ్ళీ పట్టాలి. ఇలా ఇరవై నిమిషాలు! ఆఫీసుకి వెళ్ళి వచ్చే బండికి ఏడాది పొడుగునా ఈ అవస్థ రాదు. అందుకే రోడ్డు మీద భేషుగ్గా పనిచేసిన బ్రేకు ట్రాక్ మీద చేతులెత్తేస్తుంది.

మన చిన్నతనంలో బుల్లెట్లకీ, రాజ్‌దూత్‌లకీ డ్రమ్ము బ్రేకులుండేవి. మూతపెట్టిన గిన్నెలాగా వాటి లోపలి వేడి లోపలే వుండిపోయేది. 1969లో హోండా వాళ్ళు సీబీ 750 అనే బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు పెట్టి అమ్మకానికి తెచ్చాక, ఆ పద్ధతి మెల్లమెల్లగా అందరికీ అలవాటయింది. చక్రం పక్కన గాలిలో తిరిగే ఇనుప పళ్ళెమే డిస్కు. దానికి పట్టుకారులాగా అటూ ఇటూ బిగిసేది కాలిపరు. ఆ పట్టుకారు దవడలకి అతికించిన బిళ్ళలు ప్యాడ్లు. చేతి దగ్గర లివరు నొక్కితే, మాస్టరు సిలిండరులోంచి బ్రేకు ఆయిలు గొట్టంలోకి నెట్టుకుని వెళ్ళి ఆ దవడల్ని బిగిస్తుంది. ఇంతే దీని నిర్మాణం.

చవకైన సీసా, ఖరీదైన పాఠం

బ్రేకు ఆయిలని అందరూ అంటారు గానీ అది నూనె కాదు. మామూలుగా మన బండ్లలో పోసేది గ్లైకాల్ జాతి ద్రవం. దానికి ఒక గుణం వుంది. వానాకాలంలో మూత తీసివుంచిన ఉప్పు చూడండి, గాలిలో తేమంతా లాక్కుని చెమ్మగిల్లిపోతుంది. ఈ ద్రవమూ అంతే. గొట్టాల్లోంచీ, మూతల్లోంచీ, నెలల తరబడి తేమని పీల్చుకుంటూ వుంటుంది.

తేమ చేరితే ఏమవుతుంది? మరిగే వేడి తగ్గిపోతుంది. డబ్బా మీద డాట్ 4 అని వుంటే, ఆ ద్రవం కొత్తగా వున్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పట్టాక అదే ద్రవానికి 155 డిగ్రీలు నిలబడితే చాలంటారు. డాట్ 3కి ఇంకా తక్కువ, కొత్తలో 205, తేమ పట్టాక 140. ట్రాక్ మీద డిస్కు కొన్ని వందల డిగ్రీలకి వేడెక్కుతుంది. ఆ వేడి కాలిపరు దాకా పాకి, పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది. అప్పుడు మీరు లివరు ఎంత నొక్కినా మెత్తగా, దూదిలాగా చేతికి ఆనేదాకా వచ్చేస్తుంది. బండి మాత్రం ఆగదు.

మావాడికి జరిగింది అక్షరాలా ఇదే. నాలుగో చుట్టులో లివరు మెత్తబడిందట. ఐదో చుట్టులో మలుపు దాటి గడ్డిలోకి పోయి పడ్డాడు. బండి కొని మూడేళ్ళయింది. ఆ ద్రవం ఒక్కసారి కూడా మార్పించలేదు! వాడి కాగితం మీద లక్షల సామాను వుంది గాని, కొన్ని వందల రూపాయల ఆ సీసా లేదు. మెకానిక్కు నాతో ఒకే మాట అన్నాడు: "అమ్మా, కొత్త కాలిపరు వేసి అందులో పాత ఆయిలు పోస్తే మళ్ళీ అదే మరుగుతుంది."

కనుక బ్రేకుల విషయంలో ఖర్చుకి ఒక వరస వుంది. అది గుర్తుపెట్టుకోండి.

మొట్టమొదట ద్రవం. రోడ్డు బండికి రెండేళ్ళకోసారి మారుస్తారు. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు వెళ్ళబోయే ముందు మార్పించుకోవాలి. సీలు తీయని డబ్బానే కొనాలి. సగం వాడి అటక మీద పెట్టినది పనికిరాదు. డాట్ 5.1 అనేది ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, డాట్ 4 పోసేచోట అదీ పొయ్యొచ్చు. కాని ఉత్త డాట్ 5 అనేది సిలికాన్ ద్రవం. అంకె దగ్గరగా వుంది కదా అని దాన్ని కలపకూడదు. ఇంకో జాగ్రత్త: ఈ ద్రవం పడితే బండి రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళతో కడిగెయ్యాలి.

రెండోది ప్యాడ్లు. ఆర్గానిక్ అనే రకం మెత్తగా పట్టుకుంటుంది, మామూలు రోడ్డుకి చక్కగా సరిపోతుంది. బాగా వేడెక్కితే పట్టు తప్పుతుంది. సింటర్డ్ అనేది లోహపు పొడిని వేడిమీద గట్టిగా అదిమి చేసిన రకం. వేడినీ తడినీ బాగా తట్టుకుంటుంది. డిస్కుని కొంచెం ఎక్కువ అరగదీస్తుంది, అందుకని ఆ డిస్కుకి అది పనికొస్తుందో లేదో అడిగి వేయించాలి. అచ్చంగా పందేల కోసం చేసినవి కూడా వుంటాయి. అవి వేడెక్కితేగాని పట్టవు. వాటితో మర్నాడు ఆఫీసుకి వెళితే మొదటి సిగ్నలు దగ్గరే ప్రమాదం. కొత్త ప్యాడ్లు వెయ్యగానే గట్టిగా నొక్కకూడదని కూడా చెప్పండి. కొత్త దోసెల పెనాన్ని ఉల్లిపాయతో రుద్ది, రెండు మూడు దోసెలు పోసి దారికి తెచ్చుకుంటామే, అలా ముందు మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా పట్టుకుంటూ డిస్కుతో జత కుదర్చాలి.

మూడోది గొట్టాలు. రబ్బరు గొట్టం వయసు మీరినకొద్దీ, వేడెక్కినకొద్దీ, నొక్కినప్పుడు కొద్దిగా ఉబ్బుతుంది. మన చేతి బలం కొంత ఆ ఉబ్బుకే పోతుంది. లోపల టెఫ్లాన్, పైన స్టీలు తీగల అల్లిక వున్న గొట్టం అలా ఉబ్బదు. లివరు ఎంత నొక్కితే అంత పట్టు, ప్రతిసారీ ఒకేలాగా వుంటుంది. ఇది దండగ ఖర్చు కాదు.

ఈ మూడూ అయ్యాకనే డిస్కులూ, మాస్టరు సిలిండరూ, కాలిపర్లూ. ఇవి ఒకదానికొకటి లెక్క కుదరాలి. మాస్టరు సిలిండరు ముషలకం పెద్దదయితే లివరు గట్టిగా, కొద్ది దూరమే కదులుతుంది. చిన్నదయితే సులువుగా, చాలా దూరం కదులుతుంది. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే గంటెకి మూకుడు సరిపడనట్టే. డిస్కు మీద అది ఎంత మందం దాకా అరగవచ్చో అంకె చెక్కి వుంటుంది. అంతకు తగ్గితే మార్చాల్సిందే, తగ్గకపోతే మార్చాల్సిన పని లేదు.

ఇంకొక్క మాట. బ్రేకు ఎంత బలమైనదైనా, బండిని నేలకి పట్టివుంచేది టైరు. టైరు పట్టుని మించి బ్రేకు పట్టుకుంటే చక్రం బిగుసుకుని జారుతుంది. చక్రం అలా బిగుసుకోకుండా చూసేదే ఏబీయస్. నేర్చుకునేవాళ్ళు దాన్ని తీయించెయ్యడం తెలివితక్కువ. అరిగిన టైర్లతో ఖరీదైన బ్రేకులు పెట్టుకోవడం, చిల్లుల గొడుగుకి వెండి పిడి వేయించుకోవడం లాంటిది.

బండి వదిలి దూకినవాడు

ఇవన్నీ చేసినా బ్రేకు ఒక్కోసారి మోసం చెయ్యవచ్చు. ప్రపంచంలోకెల్లా గొప్ప బండ్లకే అలా జరిగింది. 2020 ఆగస్టు 23న ఆస్ట్రియాలో స్పీల్‌బర్గ్ దగ్గర మోటోజీపీ పందెం. అది గట్టి బ్రేకులు పట్టాల్సిన ట్రాక్ అని పేరు. బ్రేకులు చేసే బ్రెంబో కంపెనీ, వేడిని ఇంకా బాగా తట్టుకునే కొత్త కాలిపర్లు తెచ్చింది. యమహా బండి నడిపే మావెరిక్ వినాలెస్ తనకి అలవాటైన పాతరకంతోనే దిగాడు. పందెం మధ్యలో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పసాగాయి. చివరికి మొదటి మలుపుకి వచ్చేసరికి పూర్తిగా పోయాయి. 200 కిలోమీటర్లు దాటిన వేగం! అతను ఒక్క క్షణంలో నిశ్చయించుకుని బండి వదిలేసి వెనక్కి దూకాడు. బండి వెళ్ళి గోడ ముందున్న గాలి మెత్తల్ని ఢీకొని అంటుకుంది. అతను దొర్లి, జారి, లేచి నడిచి వెళ్ళాడు.

ఎలా లేచాడు? ఒంటిమీద తన కొలతకి కుట్టిన తోలు సూటు వుంది. అందులో గాలి సంచి వుంది. మోటోజీపీలో 2018 నుంచి సూటులో గాలి సంచి తప్పనిసరి. పడిపోతున్నట్టు కనిపెట్టి, నేల తగిలేలోపే భుజాల చుట్టూ, ఛాతీ చుట్టూ ఉబ్బుతుంది. బ్రేకు పోయిన రోజున మనిషికి మిగిలేది ఒంటిమీద బట్టే. అందుకే సూటు కాగితం అడుగున వుండకూడదు, పైన వుండాలి అన్నాను.

తోలు, కుట్టు, కొలత

ఈ సూటు పుట్టింది ఒక దర్జీ చేతిలో అంటే మీకు సంతోషంగా వుంటుంది. 1950 ప్రాంతంలో ఇంగ్లండులో జెఫ్ డ్యూక్ అనే పందెగాడు, చొక్కా వేరు, పంట్లాము వేరు అయితే గాలికి కొట్టుకుంటున్నాయని, ఫ్రాంక్ బార్కర్ అనే దర్జీ చేత పైనుంచి కిందిదాకా ఒకటే తోలు సూటు కుట్టించుకున్నాడు. తర్వాత అందరూ అదే పట్టారు.

తోలే ఎందుకు? పడ్డవాడు తారు మీద జారుతూ పోతాడు. జీను బట్ట, టెరికాటన్ లాంటివి ఆ రాపిడికి క్షణాల్లో చిరిగిపోతాయి. తోలు అరుగుతుంది కాని తొందరగా చిల్లు పడదు. మామూలుగా ఆవుతోలు 1.1 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందంలో వాడతారు. కంగారూ తోలు అంతకన్నా పల్చగా వుండి కూడా గట్టిగా వుంటుంది, ధర ఎక్కువ. తోలు విద్య మనవాళ్ళకి కొత్తేమీ కాదు. బతుకమ్మ పేర్చే తంగేడు వుంది చూశారూ, దాని చెక్కతోనే మన ప్రాంతాల్లో తోళ్ళు పదును చేసేవారు. చెన్నై అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోలు పరిశోధన సంస్థని నడిపి ప్రపంచమంతా పేరు తెచ్చిన యలవర్తి నాయుడమ్మగారు మన తెనాలి ప్రాంతపు యలవర్రులో పుట్టినవారే. ఇప్పుడు సూట్లకి వాడే తోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసినది. అందుకే మెత్తగా ఒంటికి ఒదుగుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి? మనం చీర అంచూ, రవిక కుట్టూ చూసినట్టే చూడాలి. భుజాలు, మోచేతులు, పిరుదులు, మోకాళ్ళు, పడినప్పుడు ముందు నేలని తాకేవి ఇవి. అక్కడ తోలు రెండు పొరలుగా వుండాలి, కుట్లు రెండు మూడు వరసలుండాలి. ఒక వరస బయట అరిగినా లోపలిది పట్టివుండాలి. సాగే గుడ్డ పట్టీలు చంకల్లో, మోకాళ్ళ వెనక, తొడల లోపల వుంటే మంచిదే. మోచేతి బయటా, పిరుదుల మీదా వుంటే వద్దు. సాధ్యమైనంతవరకు ఒకటే ముక్క సూటు తీసుకోవాలి. రెండు ముక్కలైతే నడుము చుట్టూ పూర్తిగా జిప్పు కలవాలి. సగం జిప్పయితే, జారేటప్పుడు చొక్కా పైకి లేచి వీపు బయటపడుతుంది.

లోపల అంకెలు చూడండి. యూరపు ప్రమాణం ఈఎన్ 17092 అని బట్టకి వుంది. అందులో ట్రిపుల్ ఏ అన్నది అన్నిటికన్నా గట్టిది, తర్వాత డబుల్ ఏ, ఆ తర్వాత సింగిల్ ఏ. లోపలి కవచాలకి ఈఎన్ 1621 అని వేరే వుంటుంది. 5 కిలోల బరువుని ఒక మీటరు ఎత్తు నుంచి పడేసినంత దెబ్బ కొట్టి, అందులో ఎంత లోపలికి దిగిందో కొలుస్తారు. మోచేతి, మోకాలి కవచాలకి మొదటి స్థాయిలో సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, రెండో స్థాయిలో 20. వీపు కవచానికి మొదటి స్థాయిలో 18, రెండోదానిలో 9. అంకె తగ్గినకొద్దీ మన పిల్లల ఎముకకి తగిలే దెబ్బ తక్కువ. కనుక రెండో స్థాయి అడగండి. చాలా సూట్లలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు. తీసి చూడండి. అంకె లేకపోతే అది కవచం కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం కొలత. మావాడి మోచెయ్యి ఎందుకు చీరుకుపోయిందంటారు? సూటు తోలుదే. లోపల కవచమూ వుంది. కాని అద్దె సూటు ఎవరి కొలతకో కుట్టినది, వీడికి ఒక సైజు వదులు. పడి జారుతుంటే చెయ్యి అక్కడే వుంది, కవచం గిరుక్కున పక్కకి తిరిగింది. వదులు తోలు ముడతపడి, ఆ ముడత అరిగి చిల్లు పడింది. చర్మం మళ్ళీ రావడానికి నెలన్నర పట్టింది. మనం స్కూలు యూనిఫారం కుట్టించేటప్పుడు, ఎదిగే పిల్లాడు, రెండేళ్ళు రావాలని ఒక సైజు పెద్దది కుట్టిస్తాం. ఇక్కడ ఆ పొదుపు పనికిరాదు. తోలు వాడినకొద్దీ కొంచెం సాగుతుంది కూడా.

మంచి కొలత ఎలా తెలుస్తుంది? తొడుక్కుని నిలబడితే నడుము వంగినట్టు, ఇబ్బందిగా, బిగుతుగా వుండాలి. బండి మీద వంగి కూర్చుంటే హాయిగా వుండాలి. ఎందుకంటే అది కూర్చున్న మనిషికి కుట్టిన బట్ట, నిలబడ్డ మనిషికి కాదు. మోచేయి దగ్గర కవచాన్ని వేళ్ళతో పట్టి తిప్పి చూడండి. తిరిగిందా, ఆ సూటు వద్దు. అలాగని చేతివేళ్ళు తిమ్మిరెక్కినా, ఊపిరి పట్టినా కూడా వద్దు. ఆడపిల్లలకి మగవాళ్ళ చిన్న సైజు ఇచ్చి సరిపెడతారు, ఒప్పుకోకండి. ఛాతీ, తుంటి, నడుము కొలతలు వేరు. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అయితే కవచాలన్నీ చోటు తప్పుతాయి.

సూటుతో అయిపోలేదు. హెల్మెట్టు తలంతా మూసేది కావాలి. మణికట్టు దాటిన చేతి తొడుగులు, చీలమండ దాటిన బూట్లు కావాలి. డబ్బు సరిపడితే గాలి సంచి జాకెట్టు కూడా మంచిదే.

తెచ్చాక దాని ఆలనాపాలనా మనమీదే పడుతుంది, మనకేం కొత్త కాదు! వాడి రాగానే లోపలి చెమట తడిగుడ్డతో తుడిచి, తిరగేసి, నీడన ఆరెయ్యండి. ఎండలోనూ, పొయ్యి పక్కనా పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. వెడల్పాటి హ్యాంగరుకి తగిలించండి. పాలిథీను సంచిలో మూటకట్టి బీరువాలో తోస్తే శ్రావణమాసానికి బూజు పట్టేస్తుంది. తోలు కోసం అమ్మే క్రీము ఏడాదికి రెండు మూడుసార్లు పల్చగా రాస్తే చాలు. ఒకసారి గట్టిగా పడిన సూటుని కుట్లన్నీ వెదికి చూసి, బాగుచేయించాకే మళ్ళీ తొడగనివ్వాలి.

చివరిగా

ఇన్ని చెప్పాను గాని, ఏ సూటూ, ఏ బ్రేకూ చావుకి అడ్డంగా నిలబడతానని పూచీ ఇవ్వదు. 2023 ఆగస్టులో చెన్నై ట్రాక్ మీద జరిగిన పోటీలో పదమూడేళ్ళ పిల్లవాడు పడి చనిపోయాడు. ఆ తల్లిని తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ట్రాక్ రోడ్డుకన్నా పద్ధతైనది. అంతేగాని ఆట వస్తువు కాదు. వద్దనడానికి మీకు హక్కుంది. వెళ్ళనిస్తే మాత్రం, కళ్ళు మూసుకుని కాదు, అన్నీ చూసి వెళ్ళనివ్వండి.

మరి మావాడి సంగతంటారా? డబ్బు సర్దాను, రెండు షరతుల మీద. ఒకటి, కాగితం తలకిందులుగా తిరగరాయాలి. పైన హెల్మెట్టు, సొంత కొలత సూటు, వీపు కవచం. తర్వాత బ్రేకు ద్రవం, ప్యాడ్లు, టైర్లు, గొట్టాలు. ఆ తర్వాత నేర్పేవాళ్ళ దగ్గర రెండు రోజుల శిక్షణ. మిగతాది మిగిలితే చూడొచ్చు. రెండో షరతు, వాళ్ళమ్మకి వాడే స్వయంగా చెప్పాలి.

మొదటిదానికి ఒక గంట వాదించాడు. రెండోదానికి మూడు రోజులు పట్టింది. అక్కయ్య మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత దుకాణానికి తనూ వెళ్ళి సూటు కుట్లు లెక్కపెట్టి మరీ కొనిపించింది. వాడు మళ్ళీ ట్రాక్‌కి వెళ్ళి వచ్చాడు. లివరు చివరిదాకా మెత్తబడలేదట. విదేశీ కాలిపర్లు ఇంకా కాగితం మీదే వున్నాయి. వాటి అవసరం ఇంకా రాలేదని ఇప్పుడు వాడే అంటున్నాడు.

మీ ఇంటికీ ఇలాంటి కాగితం వస్తే, చివరి వరస ముందు చదవండి.